హాజీగారి గాలి బురుజు

ఎడారి నడుమ ఉన్న యజ్ద్ ఊళ్లో ఎవరైనా "ఈ ఇల్లు మీదే అనుకోండి" అన్నారంటే, ఆ ఇల్లు మీది కాదని అర్థం. వాళ్లు మర్యాదకు అంటారు, మనం మర్యాదగా వద్దనాలి. ఈ సంగతి అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఇళ్లు కట్టించే మహ్రుఖ్‌కు తెలియకేం? అయినా తివాచీల వ్యాపారి హాజీ నస్రుల్లా "మీ ఇష్టమమ్మా, ఇల్లు మీదే, ఎలా కట్టినా సరే" అనగానే, "మహా సంతోషం" అని ఒప్పేసుకుంది. హాజీ టీ గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది.

అలా గజం మందం మట్టిగోడలు లేచాయి, వాటి నెత్తిన గాలి బురుజు లేచింది. బురుజు చీలికల్లో చిక్కిన గాలి నేలమాళిగలోకి దిగి, అక్కడి నీటి తొట్టి మీదుగా చల్లబడి, హాలు నేలకు బిగించిన చిల్లుల జాలీలోంచి పైకి వస్తుంది. నీడా గాలీ ఇల్లు పూర్తయ్యాక తగిలించే సోకులనుకునేవాళ్లంటే మహ్రుఖ్‌కు ఒళ్లు మంట. మొదటి గీత గీసేటప్పుడే వాటి సంగతి చూడకపోతే అది ఇల్లే కాదంటుంది.

హాజీ బావమరిది ఫరామర్జ్‌ది కూలర్ల దుకాణం. "మా తాతలు గాడిదల మీద తిరిగారు. నువ్వూ ఎక్కు బావా" అని పొడిచేవాడు. పొడిచి పొడిచి చివరికి హాజీ చేత మాట ఇప్పించాడు. కొత్తింట్లో మొదటి విందునాడు, మిట్టమధ్యాహ్నం, హాలు చల్లగా ఉంటే సరే. లేదంటే బురుజు నోరు ఇటుకలతో మూసి కూలర్లు బిగించడమే. బంధువులంతా చూస్తుండగా అది జరిగితే, ఆ తర్వాత మహ్రుఖ్ చేత ఇల్లు కట్టించుకునే ధైర్యం ఊళ్లో ఎవరికీ ఉండదు.

విందునాడు మహ్రుఖ్ హాల్లో అడుగు పెట్టింది. నిన్న సాయంత్రం చలేసిన హాలే, ఇవాళ ఉడికిపోతోంది. అతిథులు చేతికందిన వాటితో విసురుకుంటున్నారు.

"ఏం ఇంజనీరమ్మా, నీ గాలి దారి తప్పిందా? సందు చివర బండిలో నా కూలర్లున్నాయి, దింపమంటావా?" అన్నాడు ఫరామర్జ్.

"నోరు ముయ్యరా. ఇంటికొచ్చిన ఆడపిల్లతో మాట్లాడే తీరేనా అది?" అని హాజీ భార్య తూబా తమ్ముణ్ని కసిరింది. కసురుతూనే ముసుగు అంచుతో విసురుకుంది.

మహ్రుఖ్ నేలమాళిగలోకి దిగింది. అక్కడ ఒళ్లు జలదరించేంత చల్లగా ఉంది. బురుజు తన పని తాను చేస్తూనే ఉందన్నమాట. ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తలెత్తి చూస్తే జాలీలోంచి వెలుతురు రావడం లేదు. గబగబా పైకొచ్చింది. జాలీ ఉండాల్సిన చోట ఎర్రటి తివాచీ పరిచి ఉంది.

"మీ కోసమే పరిచానమ్మా," అన్నాడు హాజీ మురిసిపోతూ. "ఎవరడిగినా అమ్మలేదు. రండి, మొదట మీరే కూర్చోవాలి."

తన గౌరవానికి పరిచిన తివాచీని తీయమనడమంటే, పెట్టిన కంచం తోసేయడమే. అందరి కళ్లూ మహ్రుఖ్ మీదే ఉన్నాయి.

"హాజీగారూ, ఈ ఇల్లు నాదేనన్నారు కదా?"

"అయ్యో, ఎంత మాట. ముమ్మాటికీ మీదే."

"అయితే నా ఇంట్లో తివాచీ నేనే చుట్టేస్తాను" అని మోకాళ్ల మీద కూర్చుని చుట్టడం మొదలుపెట్టింది.

హాజీ ముఖం పాలిపోయింది. ఎవరో నొచ్చుకుంటూ గొణిగారు. తూబాకు మాత్రం సంగతి అర్థమైంది. "చూస్తావేంరా, ఆ కొస పట్టు" అని తమ్ముణ్నే పనిలోకి దింపింది.

జాలీ బయటపడింది. కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత తూబా ముసుగు అంచు దానంతటదే కదిలింది. కాళ్ల దగ్గర మొదలైన చల్లదనం నెమ్మదిగా మెడల దాకా వచ్చింది. ఒక్కొక్కరే విసురుకోవడం మానేశారు. ఫరామర్జ్ జాలీ పక్కనే చోటు చూసుకుని కూర్చున్నాడు.

భోజనాలయ్యాక గుమ్మం దగ్గర మహ్రుఖ్ "ఇల్లు చాలా బాగుంది హాజీగారూ" అంది. ఆ మాటకు ఆ ఊళ్లో ఎవరైనా "మీదే, తీసుకోండి" అనాలి. హాజీ నోరు తెరిచాడు. ఒకసారి వెనక్కి తిరిగి హాలు వైపు చూశాడు.

"తివాచీ కావాలంటే పట్టుకెళ్లండమ్మా. ఇల్లు మాత్రం నాది" అన్నాడు.