చావు భోజనం లెక్క

మా ఊళ్ళో నలభై రెండు ఇళ్ళు ఒక్క వారంలో పేదరికం దాటేశాయి. దాటించిన పాపాత్ముణ్ణి నేనే.

తూర్పు జావాలో చెరుకు కొట్టే కూలీల ఊరు మాది. ఒక వారంలో ఎవరు ఏం తిన్నారో ఇల్లిల్లూ తిరిగి రాసుకురమ్మని సర్వే ఆఫీసువాళ్ళు చదువుకున్నవాణ్ణని నన్ను పెట్టుకున్నారు. తిన్నదాని ఖరీదుని బట్టే ఎవరు పేదో తేలుస్తారు. సరిగ్గా ఆ వారమే మాకు కూలి ఇచ్చే కాంట్రాక్టర్ హాజీ కస్మూరి తల్లి పోయింది. చావు ప్రార్థనకి వచ్చినవాళ్ళకి అన్నం పెట్టె ఇచ్చి పంపడం మా ఆచారం. వద్దంటే పోయినవాళ్ళని అవమానించినట్టే. కస్మూరి పెట్టెల్లో కోడి తొడ, గొడ్డు మాంసం, గుడ్డు. ఊరికే వచ్చినదానికీ బజారు ధర కట్టాలని రూలు. కట్టాను.

రెండు నెలలకి మా బియ్యం కార్డులు తీసేశారు. అందరం ఆఫీసు మీదికి వెళ్ళాం.

"జిల్లా ఆదాయం ఏడు శాతం పెరిగిందమ్మా. తలసరి చూస్తే మీరు బాగానే ఉన్నారు," అన్నాడు ఆఫీసరు.

"కస్మూరికీ నాకూ కలిపి లెక్కేస్తే ఎలా బాబూ? వాడు రెండు లారీలు కొన్నాడు. నాకో చక్రమన్నా వచ్చిందా?" అంది తుకియెం అత్త. ముప్పై ఏళ్ళుగా చెరుకు కొడుతున్న మనిషి.

వచ్చే నెల మళ్ళీ సర్వే చేస్తామన్నాడు. తీరా చూస్తే ఆ వారమే కస్మూరి తల్లి నూరో రోజు ప్రార్థన, మళ్ళీ పెట్టెలు! పేద ఊరని తేలితే కస్మూరి ఇచ్చే కూలి రేట్ల మీద విచారణ వస్తుంది. ఆ తేదీ ఎవరు పెట్టించారో అడగాలా?

పెట్టెలు వచ్చిన రోజు అందరం చెరుకు కాటా దగ్గర చేరాం.

"తినేసి తినలేదందాం," అన్నాడు మా తోటి కూలీ వగియో.

"దేవుడి పేరు మీద వచ్చిన అన్నం తిని అబద్ధమాడతావురా? అసలు తినొద్దు," అంది అత్త.

"పిల్లలు మూడ్రోజులుగా కర్రపెండలమే తింటన్నారత్తా! చచ్చిన ముసల్దాని ఉసురు తగలదా?"

"బతికున్న మన ఉసురు వాడికి తగిలిందేంట్రా?"

పెట్టెలన్నీ నెత్తిన పెట్టుకుని కస్మూరి గేటు ముందు పేర్చాం. దారి పొడుగునా మాంసం వాసన పీలుస్తూనే నడిచాం. "హాజీ గారూ! మీ ఏడు శాతం మీరే తినండి!" అని అరిచింది అత్త. గంటలో పోలీసులొచ్చారు. చావు ప్రార్థనని అవమానించిందని ఆమెను వ్యాన్ ఎక్కించారు.

నేను ఫారాలు పట్టుకుని తిరిగాను. ప్రతి గడపలో ఒకటే మాట: "తుకియెంని వదిలితే చెప్తాం." నలభై రెండు ఖాళీ ఫారాలు ఆఫీసరు ముందు పెట్టాను. అతనికి కోపం కూడా రాలేదు.

"జవాబు లేకపోతే పోయినసారి అంకెలే వేస్తాం. పద్ధతి అదే," అని తీరిగ్గా నింపుకుంటూ పోయాడు. కోడి తొడ, గొడ్డు మాంసం, గుడ్డు. తుకియెం ఇంటికీ అవే. నాకు ఏడుపొచ్చింది. ఆ ఉద్యోగం అక్కడే వదిలేశాను.

తెల్లారి ఎవరూ కత్తి పట్టలేదు. అందరం తోట దారికి అడ్డంగా కూర్చున్నాం. గెలుస్తామని మాలో ఎవరికీ నమ్మకం లేదు. మధ్యాహ్నానికి పక్క జిల్లా కూలీలతో కస్మూరి లారీ రానే వచ్చింది.

"మీకు బియ్యం కార్డులున్నాయా?" అని వగియో కేకేశాడు.

"పోయినేడే తీసేశార్లే. మేం బాగుపడిపోయామంట!" అన్నాడు లారీ మీంచి ఒక ముసలాయన.

లారీ దిగినవాళ్ళు తలలు వంచుకుని, మమ్మల్ని తప్పించుకుని తోటలోకి వెళ్ళారు. ఆకలి అలాంటిది. ఆ ముసలాయన ఒక్కడే కత్తి కింద పెట్టి మా వరసలో కూర్చున్నాడు.