చేతులకు పదిహేను రోజుల సెలవు

వేలిముద్రల యంత్రం మీద మూడోసారి కూడా ఎర్రలైటే వెలిగింది. కోడలు వేళ్ళు కొంగుకి తుడుచుకుంది.

గాజుపలక అవతలి ఆఫీసరమ్మ ఆమె అరచేతులు తిప్పి చూసింది.

"ఏం పని చేస్తారు?"

"హోటలు లాండ్రీలో దుప్పట్లు మడతపెడతానండి. పదకొండేళ్ళయింది."

గంజి పెట్టిన దుప్పట్లు, పొగలు కక్కే ఇస్త్రీ, బ్లీచింగు నీళ్ళు. ఈ మూడూ కలిసి ఆమె వేళ్ళ మీది గీతల్ని గులకరాయిలా నున్నగా అరగదీశాయి.

ఆఫీసరమ్మ చెడ్డమనిషేం కాదు. "పదిహేను రోజులు చేతులకి ఏ పనీ చెప్పకండి. నీళ్ళలో పెట్టకండి. పూటపూటా క్రీము రాయండి. గీతలు మళ్ళీ తేలతాయి," అంది. తర్వాత కాస్త గొంతు తగ్గించింది. "అప్పుడూ ముద్ర పడకపోతే మాత్రం అర్జీ కొట్టేస్తారు. మీరు మీ దేశం వెళ్ళి, అక్కణ్ణుంచి మళ్ళీ పెట్టుకోవాలి. రెండేళ్ళు పట్టొచ్చు."

ఈ దేశంలో ఉండిపోవడానికి ముగ్గురూ ఒకేసారి అర్జీ పెట్టుకున్నారు. బస్సు నడిపే భర్తకీ, అత్తగారికీ రెసిడెన్సీ కార్డులు వచ్చేశాయి. ఆగిపోయింది తనదొక్కటే. ఇంటికి వెళ్ళేదాకా కోడలు బస్సు కిటికీ వైపు చూడకుండా కూర్చుంది. కిటికీ అంటే ఆమెకి ఇప్పటికీ భయం. ఊరు వదిలిన రోజు అమ్మ రైలు కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. బండి కదిలాక ఆ వేళ్ళు ఒక్కొక్కటే ఊచ మీంచి జారిపోయాయి. మళ్ళీ అమ్మని చూసింది లేదు.

అత్తగారు సంగతంతా విని నడుం బిగించింది.

"పదిహేను రోజులేగా! ఒరేయ్, నీ మేజోళ్ళు పట్రా."

"మేజోళ్ళెందుకమ్మా?"

"దీని చేతులకి తొడగడానికి. నాకు తెలీదట్రా దీని సంగతి? చేతులు ఖాళీగా ఉంటే ఆ గోడనైనా మడిచేస్తుంది."

ఆ మాటలో అబద్ధం లేదు. బస్సు టికెట్టు, మందుచీటీ, చదివేసిన పేపరు, ఏది చేతికొచ్చినా కోడలు అంచుకి అంచు కలిపి మడిచేది. అత్తగారు ఆమెకి మడతలమ్మ అని పేరు కూడా పెట్టింది.

మర్నాటినుంచి లాండ్రీకి సెలవు, చేతులకి క్రీము, క్రీము మీద మేజోళ్ళు, ఒళ్ళో చేతులు. ఇన్నాళ్ళూ కూర్చున్నచోటికి కాఫీ తెప్పించుకున్న అత్తగారు ఇప్పుడు సింకు దగ్గర కొంగు దోపుకుని నిలబడింది. భర్త డ్యూటీకి వెళ్ళేముందు పెళ్ళానికి జడ వేశాడు. మూడుపాయల జడ రెండుపాయల్లోనే ముగిసింది.

"ఏమండీ, ఇదేం జడండీ?"

"స్టీరింగు తిప్పే చేతులోయ్. ఇంతకంటే వంపులు రావు."

"బయటికి తీసుకెళ్ళకురా, పరువు పోతుంది," అంది అత్తగారు, గిన్నె తోముతూ.

కోడలికి నవ్వొచ్చింది. నవ్వినంతసేపూ బాగానే ఉండేది. ఆ తర్వాత మేజోడు కొంచెం లాగి వేలికొస చూసుకునేది. గీత తేలినట్టే ఉండేది, మరోసారి చూస్తే ఏమీ లేనట్టే ఉండేది. ఆమెకి అన్నిటికన్నా కష్టమైంది అత్తగారి మడతలు. తువ్వాళ్ళు ఉండలు, చొక్కాలు మూటలు. ఒక దిండుగలీబుకి నాలుగు మూలలుంటాయన్న సంగతే ఆవిడకి పట్టలేదు. కోడలు కళ్ళు మూసుకుని ఓర్చుకుంది.

పదమూడో రోజు పొద్దున అత్తగారు మంచం కింద ఊడుస్తూ సూట్‌కేసు బయటికి లాగింది.

కోడలు గబుక్కున లేచింది. ఆ పెట్టె పదకొండేళ్ళుగా సర్దే ఉంది. రెండు జతల బట్టలు, ఒక శాలువా, అడుగున అమ్మ ఇచ్చిన గంజిచీర. ఎప్పుడెవరు పొమ్మన్నా వెతుక్కోకుండా వెళ్ళడానికి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

"అత్తయ్యా, అది అలాగే ఉండనివ్వండి."

"ఎందుకే? దుమ్ము తినడానికా?" అత్తగారు మూత తీసి బట్టలన్నీ చంకనెత్తుకుంది. తిన్నగా బీరువా దగ్గరికి వెళ్ళి, మధ్య అరలో తన చీరల్ని పక్కకి నెట్టి, వాటిని కుక్కేసింది. "ఇంట్లో మనిషి బట్టలు బీరువాలో ఉండాలి. ఖాళీ పెట్టె అటక మీద పెట్టించు వాడిచేత." అంతే, చీపురందుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

కోడలు బీరువా ముందు నిలబడింది. అమ్మ చీర ఉండలా ఉంది. ఒక కొంగు బయటికి వేలాడుతోంది. మేజోళ్ళతోనే సరిచేయబోయింది. గంజిచీర జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. ఇంక ఆగలేక మేజోళ్ళు లాగి పారేసి, చీర మంచం మీద పరిచి, అంచుకి అంచు, మూలకి మూల కలిపి మడతపెట్టింది. వేలికొసతో మడత నొక్కింది. చీర తర్వాత శాలువా. శాలువా తర్వాత చేతులు వాటంతటవే నడిచాయి. ఆమెకి స్పృహ వచ్చేసరికి బీరువాలో నాలుగు అరలూ గీత గీసినట్టున్నాయి.

అప్పుడు చేతులు చూసుకుంది. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

గుమ్మంలో అత్తగారు. ఒకసారి బీరువా చూసింది, ఒకసారి కోడల్ని చూసింది.

"రెండు రోజులు ఆగలేకపోయావా మడతలమ్మా!"

"తప్పయిపోయింది అత్తయ్యా. పడకపోతే? నన్ను పంపేస్తే?"

అత్తగారు తిట్టలేదు. క్రీము డబ్బా తెచ్చి, కోడలి ఎదురుగా నేలమీదే చతికిలబడి, ఒక్కొక్క వేలికీ రాసింది. "మళ్ళీ పెట్టెలో పెట్టలేదుగా. బీరువాలోనే పెట్టావుగా. అది చాల్లే," అంది.

పదహారో రోజు ముగ్గురూ ఆఫీసుకి వెళ్ళారు. కోడలు బొటనవేలు గాజు మీద పెట్టింది. ఎర్రలైటు. ఇంకా గట్టిగా అదిమింది.

"గట్టిగా నొక్కేస్తున్నారు. ఊరికే ఆనించండి, చాలు," అంది ఆఫీసరమ్మ.

పదకొండేళ్ళుగా గుడ్డని నొక్కడమే ఆ వేలికి తెలిసిన పని. కోడలు ఊపిరి వదిలి, పసిపిల్ల బుగ్గ తాకినట్టు వేలు ఆనించింది. పచ్చలైటు. తర్వాత చూపుడువేలు. పచ్చ. పది వేళ్ళూ అయ్యేసరికి భర్త టోపీ తీసి మొహం తుడుచుకుంటున్నాడు, చెమట కాకపోయినా.

"నెలలో కార్డు ఇంటికొస్తుంది. అప్పటిదాకా ఈ కాగితమే మీ రెసిడెన్సీ," అంటూ ఆఫీసరమ్మ అత్తగారి వైపు తిరిగింది. "పెద్దమ్మగారూ, వచ్చే ఏడాది మీ కార్డు మార్చాలి. మీరూ మళ్ళీ వేలిముద్రలు వెయ్యాలి."

అత్తగారు తన వేళ్ళు చూసుకుంది. పదిహేను రోజుల సబ్బునీళ్ళకి తోలు లేచి ఉన్నాయి.

"ఓసి నా తల్లో! నా గీతలన్నీ నీ గిన్నెలకే పోయాయే!"

"రేపట్నుంచి మీరు కూర్చోండి అత్తయ్యా. కాఫీ నేనిస్తాను."

"రేపట్నుంచేమిటి, ఇవాళ్టినుంచే."

బస్సులో కోడలికి కిటికీ పక్కన సీటు దొరికింది. చేతిలో కాగితం ఉంది. అడుగున పెద్ద అక్షరాలతో ఒక ముక్క రాసి ఉంది: మడవకూడదు.

"ఇటియ్యి, నా జేబులో పెడతాను," అన్నాడు భర్త.

"మీ జేబులో మడతపడుతుంది."

ఆమె రెండు అరచేతులూ చాపి, కాగితాన్ని వాటి మీద పళ్ళెంలా నిలుపుకుంది. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఒళ్ళంతా ఊగింది గానీ చేతులు ఊగలేదు.