ఒక గిన్నె తక్కువ

అసలు అంత నిద్ర ఎలా పడుతుంది ఒక మనిషికి, అందులోనూ ఒకరి కాపురంలో నిప్పులు పోసిన మనిషికి, తల దిండుకు ఆనించగానే హాయిగా కన్ను మూతపడుతోందట, బాప్తిస్మం తీసుకున్నాక సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది ఆ మహాతల్లి, నా పాపమంతా ప్రభువు మోశాడండీ, నాకిప్పుడు ఏ భయమూ లేదు అని, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ, అందరూ ఆమెన్ అన్నారు, తను మాత్రం నోరు విప్పలేదు, విప్పితే ఏం ఊడిపడేదో తనకే తెలియదు, మూడేళ్ళు తన మొగుణ్ణి ఇస్త్రీ దుకాణం పైగదిలో పెట్టుకున్న మనిషి గుర్రుపెట్టి నిద్రపోతుంటే, ఏ పాపం ఎరగని తను తెల్లవార్లూ పైకప్పు చూస్తూ, పక్కన ఆయన, తిరిగొచ్చిన ఆయన, అటు తిరిగిన ఆ వీపు, ఆ వీపు మీద ఎవరి చెయ్యి ఉండేదో అన్న ఆలోచన, ఇదెక్కడి న్యాయం ప్రభువా, తప్పు దానిది, కంటికి కునుకు లేనిది నాకా.

ఇప్పుడు చూడు, ఈ మందిరంలో ఇంకెక్కడా చోటు లేనట్టు దాని పక్కనే కూర్చోవలసి వచ్చింది, వెనకగదిలో ద్రాక్షరసం సీసా కడిగి వచ్చేసరికి ఆలస్యమైంది, సంఘపెద్ద గోడపక్క చిట్టచివరి చోటు చూపించి అక్కడ కూర్చోమ్మా అన్నాడు, అటు గోడ, ఇటు మహాతల్లి, ఇస్త్రీ బట్టల వెచ్చటి వాసన, ఈ వాసనే ఆయన చొక్కాల్లో వచ్చేది, దేవుడి సన్నిధిలో ఇవేం ఆలోచనలు అనుకుంటూనే ఇంకోసారి పీల్చింది, ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారాల్లో, అందరికీ రొట్టే రసమూ పంచే ఆ ఆదివారాల్లో, గిన్నెల్లో ద్రాక్షరసం పోసేది తనే, కుట్టుపనిలో బట్ట కత్తిరించే చెయ్యి కదా, చుక్క ఒలకదు, తలుపు సందులోంచి తలలు లెక్కపెట్టి అన్ని చిన్నగాజు గిన్నెలే పళ్ళెంలో సర్దుతుంది, పోయిన నెల మాత్రం ఒకటి తగ్గించింది, పొరపాటున కాదు, కావాలనే, పళ్ళెం ముందు వరసల నుంచి వెనక్కి వస్తుంది, అందరికంటే చివర కూర్చునేది ఇదే, దానికి రాదు, అంతే, ఆ రోజు అది ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకుంది, ఎవరితోనూ ఒక్క మాట అనలేదు, తనకేమో ఇంటికెళ్ళాక భోజనం భలే సయించింది, సిగ్గు లేకుండా మారు వడ్డించుకుంది, ఇవాళా ఒకటి తక్కువే పోసింది, ముందు వరసలో కూర్చున్న ఆయనకు తగ్గించాలని తోచలేదేం మరి, ఆయన్ని క్షమించేశానని అందరికీ చెప్పుకుంది కదా, మనసులోని కసి అంతా తెచ్చి ఈ ఒక్క గిన్నె మీద పెట్టింది.

పళ్ళెం వచ్చింది, రొట్టెముక్క చేతిలోనే ఉంది, పళ్ళెంలో మిగిలింది ఒకే ఒక్క గిన్నె, మహాతల్లి చెయ్యి చాచి తీసుకుంది, సంఘపెద్దకు చూపు తక్కువ, తన వైపు చూడకుండానే ఖాళీ పళ్ళెంతో వెళ్ళిపోయాడు, ఒక్కసారి ఒళ్ళు భగ్గుమంది, మొగుణ్ణి తీసుకుంది, నిద్ర తీసుకుంది, చివరికి నా గిన్నె కూడానా, అని లోపల అరిచింది, నా గిన్నె ఏమిటి, తగ్గించిందెవరు, ఈ చేతులు కాదూ, అంతలో ఆ గిన్నె తన ముందుకొచ్చింది, పట్టుకున్న చేతి మణికట్టు మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ, మీరు తీసుకోండక్కా, అంటోంది, మెల్లగా, పోయిన నెలా నాకు అందలేదు, అయినా ప్రభువు నన్నేమీ తక్కువ చేయలేదు.

అక్కట, ఎవరికి అక్క, అనాలనుకుంది, కానీ నోట్లోంచి వచ్చింది ఇంకోటి, తక్కువ పోసింది నేనే, కావాలనే పోశాను, రెండుసార్లూ, అనేసి గోడ వైపు తిరగబోయింది, తెలుసక్కా, అంది మహాతల్లి, పోయిన నెల తలుపు సందులోంచి మీరు నా వైపు చూసిన చూపులోనే తెలిసింది, గిన్నె మాత్రం వెనక్కి తీసుకోలేదు, తెలిసీ ఇస్తోంది, అడగకముందే ఇస్తోంది, తనకు ఏడుపొచ్చింది, దీనికి శిక్ష పడాలని ఎన్ని రాత్రులు కోరుకుంది, పడింది కదా, ఎప్పుడో పడింది, దీని ఒంటి మీద కాదు, ఏ తప్పూ చేయని ఇంకొకరి ఒంటి మీద, ముళ్ళూ మేకులూ అన్నీ ఆ ప్రభువే భరించాక తను దీనిచేత ఇంకా ఏం భరింపజేయాలని కాచుకుని కూర్చుంది, గిన్నె అందుకుంది, సగం తాగి సగం ఆమెకే ఇచ్చింది, ఇష్టం లేకుండా ఈ మనిషితో పంచుకున్నది ఒకటుంది, ఇష్టపడి పంచుకోవడం ఇదే మొదలు, నాలుక మీద పుల్లగా, తియ్యగా, ఇన్నేళ్ళూ ఎవరెవరికోసమో కొలిచి పోసింది గానీ పాపులకని పోసిన ఈ రసం తనకూ కావాలని, తనకోసం కూడా ప్రభువు రక్తం చిందించాడని, ఇప్పుడే తెలిసింది.