నాలుగు కిలోల ఆరువందలు

నేను ఒక పసిపిల్లల తూకం మిషన్‌ని. తెల్లరంగు ఒళ్లు, పైన ఒంపు తిరిగిన పళ్లెం, ముందు గుండ్రటి ముఖం, అందులో ఒక నల్లటి ముల్లు. ఒక చిన్న కార్ఖానాలో నా స్ప్రింగు బిగించి, ఇనుప దిమ్మలు పెట్టి పరీక్షించి, గోదావరి ఒడ్డున ఒక పట్నంలోని పిల్లల ఆసుపత్రికి పంపారు.

అక్కడ మనుషుల తీరు చూసి చాలాసార్లు నవ్వుకున్నాను. బరువు తెలుసుకోవడానికే బిడ్డను తెస్తారు, తీరా ముల్లు ఆగాక "పైకి చెప్పకండి, దిష్టి" అంటారు.

వార్డుకు నర్సింగు చదివే పిల్లలు వచ్చేవారు. వాళ్ల టీచరు ఎస్తేరు మేడం నా పక్కనే నిలబడి పాఠం చెప్పేది. "మందు పేరు తెలిస్తే సరిపోదమ్మా. అది ఒంట్లోకి ఎలా వెళ్తుందో, ఎక్కడ పనిచేస్తుందో, ఎలా బయటికి పోతుందో తెలిశాకే సిరంజి పట్టుకోండి. సరైన మనిషికి, సరైన మందు, సరైన మోతాదులో, సరైన వేళకి, నోటిలోకో నరంలోకో సరైన దారిలో. ఈ ఐదూ ప్రతిసారీ చూడాలి."

వాళ్లలో తులసీరత్నం రెండో సంవత్సరం పిల్ల. మేడం ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా తల దించుకునేది.

ఒక ఉదయం గంగాభవాని అనే తల్లి నాలుగు నెలల పాపను తెచ్చింది. నిమోనియా. పాప డొక్కలు ఎగరేస్తోంది. ఊరి ఆసుపత్రివాళ్లు రాసి పంపిన చీటీలో బరువు ఆరు కిలోల నాలుగువందలని ఉంది. డాక్టరుగారు ఆ అంకె మీదే జెంటామైసిన్ అనే ఇంజెక్షను రాశారు. కిలోకు ఏడున్నర మిల్లీగ్రాముల చొప్పున నలభై ఎనిమిది.

సీనియర్ నర్సు వరలక్ష్మిగారు సిరంజిలోకి మందు తీస్తుంటే, తులసీరత్నం పాప చేతుల వంకే చూస్తోంది. సన్నటి చేతులు.

"సిస్టర్, పాపని ఒకసారి తూద్దామండి," అంది, వినీవినపడనట్టు.

"చీటీలో రాసుంది కదా! పక్క మంచం వాళ్లు కాసుక్కూచున్నారు."

పాప అమ్మమ్మ కూడా అడ్డుపడింది. "మాటిమాటికీ తూస్తే పిల్ల తగ్గిపోద్దమ్మా."

తులసీరత్నం ఈసారి తల దించలేదు. "ఆరు కిలోల పాపలా లేదండి. ఈ మందు కిడ్నీల్లోంచే బయటికి పోవాలి కదండీ. ఎక్కువైతే కిడ్నీలకీ చెవులకీ దెబ్బ. ఒక్క నిమిషం పడుతుందండి."

వరలక్ష్మిగారు సిరంజి ట్రేలో పెట్టేశారు. తులసీరత్నం నా ముల్లును సున్నాకు తెచ్చి, పాప ఒంటిమీది తువ్వాలు తీసి, నా పళ్లెంలో పడుకోబెట్టింది. ఆ చిన్న వీపు వెచ్చగా తగిలింది. నా బతుకులో అంత జాగ్రత్తగా ఏనాడూ నిలబడలేదు.

నాలుగు కిలోల ఆరువందలు.

ఎవరో అంకెలు తిరగేసి రాశారు. వరలక్ష్మిగారే చీటీ పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లారు. ఆయన నలభై ఎనిమిది కొట్టేసి ముప్పై నాలుగున్నర రాశారు.

తిరిగొచ్చాక ఆవిడ తులసీరత్నంతో, "నేను చూడాల్సింది నువ్వు చూశావే," అన్నారు. కొత్త సిరంజిలోకి మందు తీసి, అంకె ఆ పిల్ల చేతే చదివించారు.

మూడోరోజుకి డొక్కలెగరడం తగ్గింది. ఎనిమిదోరోజున ఇంటికి వెళ్లేముందు పాపను మళ్లీ నా మీద పడుకోబెట్టారు. కాళ్లు తన్ని తన్ని నా ముల్లును నిలవనీయలేదు. గంగాభవాని కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ తర్వాత వార్డుకు బ్యాటరీ మిషన్ వచ్చింది. నన్ను నర్సింగు స్కూలు గదిలో పెట్టారు. ఇప్పుడు నా మీద రబ్బరు బొమ్మను తూస్తారు. నిన్న ఒక కొత్త పిల్ల, "బొమ్మేగా, పాత అంకే రాసేద్దామా?" అంది. పక్కనున్న అమ్మాయి ఒప్పుకోలేదు. బొమ్మ మెడకింద చెయ్యిపెట్టి, బిడ్డను ఎత్తినట్టే ఎత్తింది.