కాశీలో వదిలేసిన అరటిపండు

పుష్కరాల ముందు వేసవి అది. పెనుగొండలో ప్రసన్నకుమారి టీచరు ఇంటి వెనక వరండాలో చాప మీద కూర్చుని సూర్యకాంతమ్మగారు ఉడికిపోతున్నారు. ఎండకి కాదు, ఒళ్ళు మండి. ఆవిడ మనవడు ఆదిత్యకి మూడేళ్ళు దాటాయి. నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా రానేలేదు. అలా ఎదుగుదలలో వెనకబడ్డ పసిపిల్లలకి ఈ టీచరు ఆటల్లోనే అన్నీ నేర్పుతుందని ఎవరో చెబితే, కోడలు భవ్య పట్టుబట్టి ఇక్కడికి పంపింది. తీరా వచ్చి చూస్తే, ఆ మహాతల్లి చేటలో పళ్ళు పోసి పిల్లల మధ్య దొర్లిస్తోంది. ఈ మాత్రం దానికి భీమవరం అవతల నుంచి కారేసుకుని రావాలా?

బత్తాయి దొర్లింది. సపోటా దొర్లింది. నరసాపురం వైపు చేపలు పట్టేవాళ్ళ పిల్ల సాయిదుర్గ బత్తాయిని తొక్కతో సహా కొరికేసి మొహం చిట్లించింది. వాళ్ళమ్మ మహాలక్ష్మమ్మ కొంగు అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. ఆదిత్య వంతు వచ్చేసరికి టీచరు వాడి చేతిలో చక్రకేళి అరటిపండొకటి పెట్టింది. వాడు దాన్ని కారులా చాప మీద అటూ ఇటూ తోసి వదిలేశాడు. వాసన చూడలేదు, నోటి దగ్గరికి తీసుకెళ్ళలేదు.

బాబు ఇంట్లో అరటిపండు తినడా అని టీచరు అడిగింది. సూర్యకాంతమ్మగారికి చర్రుమంది. రోజూ తింటాడనీ, అవీ తమ దొడ్లో గెలలేననీ చెప్పారు. ఎలా పెడతారని అడిగితే అదీ చెప్పారు. వంటింట్లో తొక్క తీసి, నార తీసి, పాలూ పంచదారా పోసి వెన్నలా మెదిపి, గిన్నెలో తెచ్చి, ‘ఆఁ’ అంటూ చెంచాతో పెడతారు. తిన్నాక తన అరచేత్తో వాడి మూతి తుడుస్తారు. వాడు పాలు మరవకముందు ఓసారి పండుముక్క గొంతుకి అడ్డం పడి కళ్ళు తేలేశాడు. ఆ రోజు దడ ఆవిడకి ఇప్పటికీ తగ్గలేదు.

"అయితే పాపం బాబుకి తెలిసింది గిన్నెలో ముద్దేనండి. పండంటే ఇలా ఉంటుందని ఎవరు చూపించారు?" అంది టీచరు మెల్లగా. ఇంకో పండు తీసి ఆవిడ చేతికే ఇచ్చింది. "బాబు చూస్తుండగా మీరు ఒలుచుకుని తినండి. మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు."

"నేను తిననమ్మా. కాశీలో వదిలేశాను," అన్నారు సూర్యకాంతమ్మగారు.

కాశీ వెళ్ళినవాళ్ళు పండొకటి వదిలేసి, ఇక జన్మలో ముట్టుకోకూడదు కదా. ఆవిడతో వెళ్ళిన ఆడవాళ్ళంతా గడుసువాళ్ళు. ఒకరు వెలగపండు వదిలారు, ఇంకొకరు పంపరపనస వదిలారు, హాయిగా రైలెక్కారు. సూర్యకాంతమ్మగారికి మాత్రం దేవుడి దగ్గర ఆ తెలివితేటలు నచ్చలేదు. చిన్నప్పటినుంచీ ప్రాణం పెట్టే చక్రకేళినే వదిలారు. పిల్లాడికి మాట రావాలి, వాడి చేత్తో వాడు తినాలి, అంతకుమించి నాకేమీ వద్దని గంగలో మునిగి మరీ దణ్ణం పెట్టుకున్నారు. తను పోయాక ఆ నోటికి ముద్ద ఎవరందిస్తారన్నదే ఆవిడ బెంగ. ఆ బెంగతోనే మరెవరినీ వాడి గిన్నె ముట్టనిచ్చేవారు కారు.

ఆ రోజు ఆవిడ బదులు మహాలక్ష్మమ్మ తిని చూపించింది. తర్వాత రోజూ ఏదో ఒక ఆట. గుడ్డసంచిలో చెయ్యి పెట్టి ఏ పండో తడిమి తియ్యడం, అరటిపండు చెవికి ఆనించుకుని ఫోను మాట్లాడడం, చివరికి దాని మెడ ‘టప్’మని విరవడం. ఆ చప్పుడు వింటే చాలు, ఆదిత్య పొట్ట పట్టుకుని నవ్వేవాడు. కొన్నాళ్ళకి తనే విరవడం నేర్చాడు. విరిచి, మిగతా పని నీదేనన్నట్టు నాన్నమ్మకి అందించేవాడు. ఆవిడ చెయ్యి ముందుకొచ్చేసేది. మీరు చేతులు కొంగులో చుట్టుకు కూర్చోండని టీచరు చెప్పింది. కొంగులో చుట్టుకున్నా ఆ చేతులు ఊరుకుంటేనా.

ఈలోగా భవ్య తమ ఊళ్ళో కాన్వెంటులో ఆదిత్యని చేర్చుకోమని అడిగింది. పిల్లాడు తన చేత్తో తను తినగలిగితే జూన్‌లో చేర్చుకుంటాం, తినిపించడానికి మా దగ్గర మనుషుల్లేరు అంది హెడ్మిస్ట్రెస్. ఒక రోజు తనే పెనుగొండ వచ్చి చూస్తానంది.

ఆ రోజు కారులో సూర్యకాంతమ్మగారు చెయ్యకూడని పని చేశారు. ఒక పండు మెడ ముందే విరిచి, తొక్క మూడు వైపులా వదులు చేసి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు మూసేశారు. పిల్లాడు లాగీ లాగగానే ఊడొచ్చేస్తుందని ఆవిడ ఎత్తు. వెళ్ళగానే ఆ పండే వాడి చేతిలో పెట్టారు.

ఆదిత్య మెడ వంచాడు. చప్పుడు లేదు. తొక్క జారిపోయి పండు చాప మీద పడి చితికింది. వాడు దానికేసి చూసి, నాన్నమ్మకేసి చూసి, గుక్కపట్టి ఏడ్చాడు. హెడ్మిస్ట్రెస్ తన వెంట వచ్చిన భవ్య వైపు తిరిగి, వచ్చే ఏడు చూద్దాంలెండి అంది. భవ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సూర్యకాంతమ్మగారికి తల కొట్టేసినట్టయింది. "పిల్లాడి తప్పు లేదమ్మా. నేనే ముందు ఒలిచి ఇచ్చాను. ఇంకొక్కసారి చూడండి," అన్నారు. ఇన్నేళ్ళ బతుకులో ఆవిడ పరాయివాళ్ళని ఒకటి అడగడం అదే మొదలు.

ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆదిత్య వెక్కుతూ లేచి చేట దగ్గరికి నడిచాడు. బత్తాయి పక్కకి తోశాడు, సపోటా తోశాడు, అడుగునున్న చక్రకేళి తీశాడు. టప్. ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చేసింది వాడికి. తొక్కలో ఒక పాయ లాగాడు. రెండోది సగంలో తెగింది. గోటితో గీరాడు, పళ్ళతో పట్టుకు పీకాడు. సూర్యకాంతమ్మగారు చేతులు కొంగులో బిగించి కూర్చున్నారు. వాడు కొరికాడు, నమిలాడు, మింగాడు. గొంతుకి ఏదీ అడ్డం పడలేదు.

"జూన్‌లో తీసుకురండమ్మా," అంది హెడ్మిస్ట్రెస్.

వాడికి ఆ గొడవేమీ పట్టలేదు. పండు కొస తుంచి, గుప్పిట్లో బాగా మెదిపి, నాన్నమ్మ దగ్గరికొచ్చాడు. ఆ ముద్ద ఆవిడ పెదాలకి ఆనించాడు.

"ఆఁ," అన్నాడు.

ఇంతకాలం ఆవిడ అన్నట్టే, అంతే సాగదీసి అన్నాడు. వాడు ఒకరితో అన్న మొదటి మాట అది.

"అత్తయ్యగారూ, కాశీలో వదిలేశారు కదండీ," అంది భవ్య గొంతు తగ్గించి.

ఆ మాట సూర్యకాంతమ్మగారికి వినబడింది. కళ్ళు ధారకట్టి చెంపల మీద కారుతున్నా తుడుచుకోలేదు, చేతులు ఇంకా కొంగులోనే ఉన్నాయి. నోరు తెరిచారు. వాడు ముద్ద లోపల పెట్టి, ఆవిడ మింగేదాకా నోటికేసే చూస్తూ నిలబడ్డాడు. మింగాక తన చిట్టి అరచేత్తో ఆవిడ మూతి తుడిచి, ఇంకో ముక్క తుంచాడు.