అనసూర్య టేకు దర్వాజ

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసిన రోజు అనసూర్య కంట ఒక్క చుక్క నీరు రాలేదు. ఎందుకొస్తుంది? పెళ్లయిన నాటి నుంచి ఆ రెండు గదుల్లో గోడకు మేకు కొట్టాలన్నా ‘మనది కాదు కదా’ అని చెయ్యి ఆగిపోయేది. మొగుడు లింగమూర్తి బొగ్గుబావిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. భూమి లోపల పైకప్పు కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టే పని. కొత్తగా కట్టిన స్లాబు ఇల్లు కొందామని అతనన్నాడు. అనసూర్య వింటేగా! ఊరి చివర గులాం అలీ అమ్ముతున్న పాత పెంకుటింటి ముందు ఆగింది, ఇక అక్కడి నుంచి కదలలేదు. ఆ ఇంటికి టేకు దర్వాజ ఉంది మరి. చట్టం చుట్టూ చెక్కిన తీగలు, తలుపుల మీద వరసగా ఇత్తడి బొడిపెలు. దాని మీద చెయ్యి వేసి, “ఇల్లంటే గిది” అంది. లింగమూర్తి ఆ రోజే బయానా డబ్బులు ఇచ్చేశాడు.

పాలు పొంగించి వారం తిరక్కముందే గడప మీద పిండిలాంటిది కనిపించింది. ముగ్గుపిండేమో అనుకుని ఊడ్చేసింది. మర్నాడు మళ్లీ ఉంది. తలెత్తి చూస్తే చట్టం నిండా సూది మొన దూరేంత బెజ్జాలు! అనసూర్య మొగుణ్ని కేకేసింది.

“పుచ్చు పురుగు,” అన్నాడు లింగమూర్తి. “చెదలైతే మట్టి గూడు కడతది. ఇది లోపల్నే తినుకుంట పొడి బయటేస్తది. స్లాబు ఇల్లు కొందామని నేను చెప్పిన, ఇన్నవా?”

ఆ ‘ఇన్నవా’తో ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటంతా ఫోనులో గులాం అలీ మీద చూపించింది.

“అక్కా, గా పురుగు నా షాదీకి ముంగటనే సచ్చింది,” అన్నాడాయన తాపీగా. “మా అబ్బాజాన్ మందు పెట్టించిండు. ఫికర్ చెయ్యకు.”

“మరి పొడెందుకు రాలుతున్నదే అన్నా?”

“పొడా? అది ఎన్నటిసందో రాలుతనే ఉన్నది. మేమెన్నడు పట్టించుకోలె.”

అమ్మినవాడు అంతకన్నా ఏం చెబుతాడు! సచ్చిన పురుగుకు ఆకలెట్లయితదని లింగమూర్తి పడీ పడీ నవ్వాడు. అనసూర్య పంతం కొద్దీ మందుల షాపుకు పోయి సిరంజి కొనుక్కొచ్చింది. కొంగు నడుముకు దోపి, స్టూలెక్కి, బెజ్జం బెజ్జానికీ కిరసనాయిలు ఎక్కించింది. ఇల్లంతా ఒకటే కంపు. పప్పుచారు కూడా కిరసనాయిలే అయిపోయింది. పొడి మాత్రం రాలడం మానలేదు. ఉక్కగా ఉందని లింగమూర్తి మంచం వరండాలో వేసుకున్నాడు.

“తీసేద్దాం. ఇనుప చట్టం పెట్టుకుందాం,” అన్నాడు లింగమూర్తి.

“నా పానం పోయినా తియ్యనియ్య.”

“పురుగు దూలాలకు పాకితే ఇల్లే కూలుతదే. లోపల కొడుకు, కొత్త కోడలు ఉంటరు.”

ఆ మాటతో ఆమె వడ్రంగి వీరేందర్‌కు తనే కబురు పెట్టి, వంటింట్లోకి పోయి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తనదంటూ దొరికిన ఒక్క వస్తువూ వారానికే పోతున్నదాయె.

మధ్యాహ్నం వీరేందర్ వచ్చాడు. అనసూర్య గడప లోపల, లింగమూర్తి గేటు దగ్గర నిలబడ్డారు. ఉలి, సుత్తె గడప మీద పెట్టి, చట్టాన్ని ఎక్కడి నుంచి ఊడదీయాలా అని చూస్తున్నాడు. కోడలు దీప చాయ్ పట్టుకొచ్చింది. జగిత్యాల దిక్కు పల్లె పిల్ల, కాపురానికి వచ్చి నెల కూడా కాలేదు. ఉన్నట్టుండి ఆ పిల్ల “అమ్మో!” అని కేక పెట్టి దర్వాజను పట్టుకుంది. చాయ్ సగం ఒలికింది. పైనుంచి సన్నగా పొడి రాలి ఆమె పాపిట్లో పడింది.

“అత్తమ్మా! పొడి రాల్చేది పురుగు కాదు. ఆ బాంబు!”

“ఏ బాంబే?” అన్నారు ముగ్గురూ.

“అయ్యో, ఇప్పుడే మోగలేదా?”

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగ్ చేస్తారు. నేల అదురుతుంది, గిన్నెలు గలగలమంటాయి. ఆ ఊరి చెవులకు మాత్రం అది వినపడటం ఏనాడో ఆగిపోయింది. వీరేందర్ పొడిని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

“పాత పొడే అక్కా. పురుగు బతికుంటే తెల్లగ, తాజాగ ఉంటది. లోపల నిల్వ ఉన్నది అదురుకు రాలుతున్నది. టేకు గట్టిగనే ఉన్నది.”

అనసూర్య సంబరం చూడాలి! ఉలి తీసి తనే వీరేందర్ సంచిలో పడేసింది. మర్నాడు లింగమూర్తి కళ్లతో చూసి ఒప్పుకోవాలని గడప మీద నల్లగుడ్డ పరిచి, అతన్ని దర్వాజ కింద కూర్చోబెట్టింది. ఈసారి అందరూ చెవులు రిక్కించారు. ఢామ్మంది. పొడి జలజలా రాలింది.

“సూసినవా?” అని తిరిగితే లింగమూర్తి లేడు.

వాకిలి దాటి, గేటు అవతల నిలబడి రొప్పుతున్నాడు. అనసూర్యకు మొదట నవ్వొచ్చింది. దగ్గరకు పోతే అతను దర్వాజ దిక్కు చూడకుండా గేటు ఊచ పట్టుకుని ఉన్నాడు.

“పురుగు లేదని తెల్సిందిగా?”

“తెల్సింది.” అతను తల ఎత్తలేదు. “బావిల పైకెల్లి పొడి రాలిందంటే రూఫ్ కూలుతున్నట్టే. ఆగి సూసినోడు బతకడు. కాళ్లకు నేను ఎట్ల చెప్పాలెనే? ఆ దర్వాజ కిందికెల్లి పోవుడంటే భయమైతున్నది. వరండల మంచమేసుకున్నది ఉక్కకు కాదు.”

అనసూర్య ఇన్నేళ్లూ డ్యూటీ నుంచి వచ్చిన మనిషికి అన్నం పెట్టిందే తప్ప, లోపల ఏమవుతుందని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే చెప్పేవాడా అంటే, అదీ అనుమానమే.

“బావిల ఉన్నప్పుడు భయమైతే ఏం చేస్తుంటివి?”

“గుంజ పెడ్తుంటి.”

“మరి పెట్టు.”

లింగమూర్తి బిత్తరపోయాడు. “గంత మంచి దర్వాజకు అడ్డంగనా? నీ తీగలు కనవడయి.”

“కనవడకుంటే పాయె. తేపో.”

సాయంత్రానికి బెరడు కూడా సరిగా తీయని గుంజ ఒకటి వచ్చింది. చట్టం పక్కన నిలబెట్టి, పైన చెక్క దూర్చి బిగించాడు లింగమూర్తి. ఒకవైపు తీగలన్నీ దాని వెనక్కి పోయాయి. అతను రెండుసార్లు భుజంతో నెట్టి చూసుకుని, తల వంచకుండా దర్వాజ దాటి లోపలికి వెళ్లాడు.

ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లందరూ ఆ గుంజ దగ్గరే ఆగుతారు. “గిదేందక్కా, ఇంత మంచి దర్వాజకు ఈ మొద్దేంది?”

“మా ఆయన నిలబెట్టిండు,” అంటుంది అనసూర్య. “రాండ్రి, భయం లేదు.”