పావురం దారి, బస్సు దారి

ఆ పావురం రాకూడదని బషీరాబీ మూడు రోజులుగా మిద్దె మీద నిలబడి ఆకాశం చూస్తూ ఉంది.

కడపలో అమ్మకు ఊపిరి సరిగా ఆడడం లేదు. చూడడానికి పోయినప్పుడు భర్త పెంచిన నల్లతోక పావురాన్ని అన్నకిచ్చి వచ్చింది. "ఏమన్నా అయితే దీన్ని ఇడుస్తా. కనపడితే బస్సెక్కు," అన్నాడు అన్న. తంతి కొట్టినా అది ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. రాజధాని వచ్చాక కర్నూలులో జీపులు పెరిగాయి గాని కడపకు పగటి బస్సు పొద్దున ఒక్కటే. పావురం కొండల మీదుగా తిన్నగా రెండు గంటల్లో వస్తుంది. బస్సు నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు చుట్టి పోయేసరికి సాయంత్రం. పొద్దు వాలేటప్పుడు చేసే అసర్ నమాజు కాగానే శవాన్ని ఎత్తేస్తారు.

"అట్ల మెడ ఎత్తుకోనే ఉంటే కొంగవైపోతావు," అంది పక్కింటి నాగక్క.

అప్పుడే దక్షిణం నుంచి ఒక చుక్క వచ్చింది. అదే సమయానికి రెండిళ్ళవతల మాబాషా ఈలవేసి తన పావురాల గుంపును పైకి లేపాడు. అలిసిన పావురం గుంపులో కలిసి ఆయన మిద్దె మీదే దిగింది. తోక కనబడలేదు.

పావురాలు పెంచేవాళ్ళలో, ఎవరి మిద్దె మీద దిగితే పావురం వాళ్ళదే. అడగకూడదు, ఇవ్వకూడదు. నిరుడు కడపలో అన్న ఇచ్చిన తెల్ల పావురం ఇట్లాగే ఆ గుంపులో కలిస్తే, భర్త పోయి అడిగి మాటలు పడి వచ్చాడు. అప్పటి నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. ఆ భర్త ఇప్పుడు ఆలూరు సంతలో ఉన్నాడు.

పిల్లలను నాగక్కకు అప్పజెప్పి, బట్టల మూటతో మాబాషా మిద్దె ఎక్కింది. ఆయన కొత్త పావురం రెక్కకు దారం కడుతున్నాడు.

"మీ ఆయన పంపినాడా? నా మిద్దె మీద దిగింది నాది."

"పావురం నాకొద్దు చిచ్చా. తోక నల్లగుండాదా, అది చెప్పు చాలు."

"నల్లగుంటే ఏమి?"

"మా అమ్మ పోయినట్టు."

మాబాషా చేయి ఆగింది. పావురాన్ని తిప్పి చూపాడు. నల్లతోక.

ఆమె మెట్ల వైపు తిరిగింది.

"ఉండమ్మా. ఇది ఈడికి చేరిందో, దోవలో డేగ కొట్టిందో వాళ్ళకేం తెలుసు? నువ్వు వస్తాండావని ఎవరు చెప్తారు? ఎత్తేస్తారు."

గూట్లో గుడ్ల మీద కూర్చున్న తెల్ల పావురాన్ని తీశాడు. నిరుడు పట్టుకున్నదే. "యాడ పుట్టిందో ఆడికి పోతాది. ఇంత గుడ్డ చించు."

బషీరాబీ పచ్చ పైట అంచు చించి దాని కాలికి కట్టింది. పైకి విసిరితే పావురం ఒక చుట్టు తిరిగి మళ్ళీ గూటి వైపే దిగింది. రోజూ ఈలవేసి పిలిచే మాబాషా తలగుడ్డ ఊపుతూ, గొంతు చించుకుని దాన్ని తరిమాడు. మూడోసారికి అది దక్షిణానికి తిరిగింది.

"పో తల్లీ, బస్సు పోతాది!"

ఆళ్ళగడ్డ దాటాక బస్సు ఇంజను పొగలు కక్కింది. డ్రైవరు నీళ్ళు తెచ్చి పోసేదాకా ఆమె కిందికి దిగలేదు. మైదుకూరులో అసర్ అజాన్ వినిపించింది. కడప ఇంకా దూరం. మూటను ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

కడపలో పుట్టింటి సందు చివరికి చేరేసరికి పొద్దు గుంకుతోంది. ఇంటి ముందు మగవాళ్ళు కూర్చునే ఉన్నారు. శవాన్ని మోసే జనాజా ఇంకా లేవలేదు.

"తెల్లది అలిసిపోయి గోడ మీద పడింది," అన్నాడు అన్న. "కాలికి నీ పచ్చగుడ్డ చూసి, వస్తాండావని ఆపినాం. పోయి చూడు."

బషీరాబీ అమ్మ ముఖం చూసింది. బయటికి వచ్చినప్పుడు తెల్ల పావురం పిట్టగోడ మీద ఉత్తరం వైపు తిరిగి కూర్చుని ఉంది.

"అన్నా, పోయేటప్పుడు దీనికొక బుట్ట ఇయ్యి," అంది. "దీని గుడ్లు ఆడుండాయి."